హాలిఫాక్స్ రేవునగరం: పురపాలక మండలి, దాని హద్దులు

విశాఖపట్నం, భీమునిపట్నం, మచిలీపట్నం, చెన్నపట్నం. ఈ పేర్ల చివరనున్న ‘పట్నం’ అనే మాట తూర్పుతీరంలో రేవు గల ఊళ్లకు తరచుగా కనిపిస్తుంది. తోటపనికై ఓడనెక్కిన మన పూర్వులు ఇటువంటి రేవుల నుండే బయలుదేరారు. కోరంగి రేవు పేరైతే మారిషస్‌లో తెలుగువారందరికీ పేరుగా నిలిచిపోయింది. వారు దిగినవి కూడా రేవునగరాలే: పోర్ట్ లూయీ, డర్బన్. కనుక రేవు ఎవరిది, ఊరు ఎవరిది, ఊరిలోని నేలపై ఎవరి మాట చెల్లుతుంది అనే ప్రశ్నలు మనకు కొత్తవి కావు. కెనడా తూర్పుతీరాన నోవా స్కోషియా రాష్ట్రపు రాజధానియైన హాలిఫాక్స్ ఈ ప్రశ్నలకు ఏ విధంగా సమాధానం చెప్పుకొన్నదో ఈ వ్యాసంలో చూడవచ్చును.

మండలి పుట్టుక

ఈ రేవును తొలినుండి ఎరిగినవారు మిక్‌మా జాతి ప్రజలు. వారి భాషలో దీనిపేరు ‘క్జిపుక్‌టుక్’, అనగా పెద్ద రేవు. 1749లో ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ ఇక్కడ బ్రిటిష్ పట్టణాన్ని స్థాపించాడు. అటుపై తొంబది సంవత్సరాలకు పైగా పట్టణానికి ఎన్నికైన మండలి లేదు. ప్రభుత్వం నియమించిన న్యాయాధికారులే పన్నులు వసూలు చేసేవారు, వీధులు, చెరసాల, పేదల ఆశ్రమం కూడా వారి చేతిలోనే ఉండేవి. 1835లో జోసెఫ్ హౌ అనే పత్రికాధిపతి వారి అవినీతిని ఎత్తిచూపే లేఖను తన పత్రికలో ప్రకటించి, నేరారోపణకు గురి అయ్యాడు. న్యాయస్థానంలో ఆరు గంటలకు పైగా స్వయంగా వాదించుకొన్నాడు. జూరీ అతనిని నిర్దోషిగా ప్రకటించింది. ఆరేళ్ల తరువాత, 1841లో, హాలిఫాక్స్ చార్టరు పొందిన నగరమైంది. అయితే నాటి ఓటు ఆస్తిపరులకే పరిమితం.

నేటి మండలి 1996 ఏప్రిల్ 1న ఏర్పడినది. ఆ రోజున హాలిఫాక్స్, డార్ట్‌మత్ నగరాలను, బెడ్‌ఫర్డ్ పట్టణాన్ని, చుట్టుపట్ల గల హాలిఫాక్స్ కౌంటీని రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటి చేసింది. భీమునిపట్నం విశాఖలో కలిసినప్పుడు తమ ఊరి పేరు ఏమగునోయని అక్కడివారు కలతచెందినట్లే డార్ట్‌మత్‌వారూ కలతచెందారు. ఇప్పటికీ చాలామంది తమది డార్ట్‌మత్ అనే చెప్పుకొంటారు. కలిసిన ప్రాంతపు వైశాల్యం 5,400 చదరపు కిలోమీటర్లకు పైమాట. 2021 జనగణన ప్రకారం జనసంఖ్య 4,39,819.

మండలిలో ఒక మేయరు, పదహారుగురు సభ్యులు ఉంటారు. మేయరును నగరమంతా కలిసి ఎన్నుకొంటుంది, ఒక్కొక్క సభ్యుని ఒక్కొక్క వార్డు ఎన్నుకొంటుంది. ఎన్నికలు నాలుగేండ్లకొకసారి అక్టోబరులో జరుగుతాయి. గత ఎన్నికలు జరిగినది 2024లో. మన ఊళ్లలో వలె పార్టీ గుర్తులు ఇక్కడ లేవు, ప్రతి అభ్యర్థి తన పేరుతోనే నిలబడతాడు. మేయరుకు కూడా మండలిలో ఒక్క ఓటే. ఉద్యోగులందరిపై ఒక ప్రధాన పాలనాధికారి ఉంటాడు. ఆయనను మండలి నేరుగా నియమిస్తుంది, ఇతర ఉద్యోగులు ఆయన కింద పనిచేస్తారు.

నీటి అంచు వరకే

ఇక్కడ పాఠకులు గుర్తించవలసిన సంగతి ఒకటున్నది. ఈ నగరాన్ని నగరం చేసినది రేవు. ఆ రేవుపై మాత్రం మండలికి అధికారం లేదు. కెనడా రాజ్యాంగం ప్రకారం నౌకాయానం కేంద్ర ప్రభుత్వ విషయం. సరుకు దిగే రేవుకట్టలను కేంద్ర చట్టం కింద 1999లో ఏర్పడిన హాలిఫాక్స్ ఓడరేవు సంస్థ నిర్వహిస్తుంది. దాని పాలకవర్గంలోకి నగరం పంపగలిగినది ఒక్కరిని మాత్రమే. 1928 నుండి 1971 వరకు సుమారు పది లక్షలమంది వలసదారులు కెనడాలో అడుగుపెట్టిన ‘పియర్ 21’ ఇప్పుడు వలసల మ్యూజియం, అదియును కేంద్రానిదే.

కొండమీది కోట కూడా కేంద్రానిదే. కేంద్రం ఆస్తిపై నగరం పన్ను విధించరాదు, బదులుగా కేంద్రం కొంత సొమ్ము చెల్లిస్తుంది. ఎంత చెల్లించాలనే విషయమై పెద్ద వివాదం నడిచింది. నగరం నడిబొడ్డున సుమారు నలభై ఎకరాల కోటనేలకు కేంద్రం కట్టిన విలువ పది డాలర్లు! చారిత్రక స్థలం గనుక అక్కడ ఏమీ కట్టరాదు, కట్టరాని నేలకు విలువ లేదు అన్నది వారి వాదన. 2012లో కెనడా సుప్రీంకోర్టు ఈ లెక్క సహేతుకం కాదని తీర్పు చెప్పింది. ఆస్తిపన్నే ముఖ్య ఆదాయంగా గల మండలికి ఇది చిన్న విషయం కాదు.

పైనుండి కేంద్రం, పక్కనుండి రాష్ట్రం. మండలి అధికారాలన్నీ రాష్ట్ర శాసనసభ చేసిన చార్టరు చట్టం ఇచ్చినవే. 2024 ఎన్నికల వరకు ఓటు కెనడా పౌరులకే ఉన్నది. శాశ్వత నివాసులకు కూడా ఓటు కల్పించమని మండలి కోరినా, చట్టం మార్చవలసినది రాష్ట్రమే.

మరి మండలి చేతిలో ఏమున్నవి? వీధులు, బస్సులు, చెత్త, అగ్నిమాపక దళం, పార్కులు, గ్రంథాలయాలు, ఏ స్థలంలో ఏమి కట్టవచ్చునో నిర్ణయించే అధికారం. 1752 నుండి హాలిఫాక్స్‌కు, డార్ట్‌మత్‌కు మధ్య తిరిగే పడవ సర్వీసు నేడు మండలి నడిపేదే. కోటపై నిలిచినవారికి సముద్రం కనబడాలని, ఆ చూపుకు అడ్డుగా ఎత్తైన కట్టడాలు లేవకుండా 1974 నుండి నిబంధన ఉన్నది. ప్రాచీన నగరాన్ని కాపాడటంలో మండలి చేసిన మంచి పనులలో దీనిని ముందుగా చెప్పాలి.

ఆఫ్రిక్‌విల్

నేలపై అధికారమే మండలికి గల అసలు బలం. ఆ బలం ఎవరిపై ఎట్లు పడినదో ఆఫ్రిక్‌విల్ చెబుతుంది. నగరపు ఉత్తరపుకొసన, నీటి ఒడ్డున, 1840ల నుండి నల్లజాతివారు నేల కొనుక్కొని నివసించిన ఊరు అది. వీరిలో అనేకులు 1812 యుద్ధకాలంలో అమెరికా తోటల బానిసత్వాన్ని విడిచి వచ్చినవారి సంతతి. వీరు పన్ను కట్టారు. నగరం వీరికి మంచినీటి గొట్టాలు వేయలేదు, మురుగుకాలువలు వేయలేదు. వేసినది ఊరిదాపున చెత్తకుప్ప. పిదప ఆ ఊరు నివాసయోగ్యం కాదని చెప్పి, 1964లో తరలింపుకు తీర్మానించింది. సుమారు నాలుగువందలమంది ఇళ్లు విడిచారు. కొందరి సామాను నగరపు చెత్తలారీలలో తరలింది. పట్టాకాగితం చూపలేనివారికి దక్కినది ఐదువందల డాలర్లు. 1967లో ఒక రాత్రి వారి చర్చిని కూల్చివేశారు. 1970 నాటికి ఊరు లేదు.

దక్షిణాఫ్రికా నుండి వచ్చిన మన పాఠకులకు ఈ కథ ఎక్కడో విన్నట్లుండును. డర్బన్ నగరపాలక సంస్థలో పనిచేసిన తమిళ, తెలుగు కార్మికుల కుటుంబాలు నివసించిన మాగజైన్ బారక్స్ కూడా అదే దశాబ్దంలో నేలమట్టమైంది. అక్కడివారిని చాట్స్‌వర్త్‌కు పంపారు. అక్కడ జాతి పేరుతో చేసిన చట్టం ఉన్నది. హాలిఫాక్స్‌లో అటువంటి చట్టం లేదు, దానిని నగర పునర్నిర్మాణం అన్నారు. ఇల్లు పోయినవారికి ఈ రెండింటి మధ్య తేడా ఎంతమాత్రమో చెప్పడం కష్టం. రెండుచోట్లా తీర్మానించిన వారి బల్ల చుట్టూ ఆ ఊరివారు లేరు.

ఆఫ్రిక్‌విల్‌వారు చెల్లాచెదురైనా ఏటేటా వేసవిలో ఆ స్థలంలో కలుసుకొనేవారు. 2010 ఫిబ్రవరి 24న మేయరు మండలి తరఫున క్షమాపణ చెప్పాడు. నగరం సుమారు ఒక హెక్టారు నేలను, ముప్పది లక్షల డాలర్లను ఇచ్చింది. కూల్చిన చర్చిని పోలిన కట్టడం మళ్లీ లేచి, అదే ఇప్పుడు మ్యూజియమైంది. 2011లో ఆ పార్కుకు ఆఫ్రిక్‌విల్ పేరు తిరిగి వచ్చింది. ఇళ్లు పోయిన కుటుంబాలకు వ్యక్తిగత పరిహారం మాత్రం ఆ ఒప్పందంలో లేదు. దానికై కొందరు ఆ తరువాత కూడా పోరాడారు.

2018 జనవరిలో మండలి పన్నెండు ఓట్లకు నాలుగు ఓట్ల తేడాతో కార్న్‌వాలిస్ విగ్రహాన్ని పార్కు నుండి తొలగించింది. మిక్‌మావారి తలలకు వెల కట్టినవాడు అతడేనని ఆ జాతివారు ఎంతోకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చారు.

మండలి సమావేశాలు 1890లో పూర్తియైన నగరభవనంలో జరుగుతాయి. ఆ భవనపు గడియారాలలో ఉత్తరదిశగా ఉన్నది నడవదు. 1917 డిసెంబరు 6న రేవులో పేలుడు పదార్థాల ఓడ పేలి సుమారు రెండువేలమంది మరణించిన ఆ ఉదయపు వేళను, తొమ్మిది దాటిన కొద్ది నిమిషాలను, అది చూపుతుంది. సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చొనవచ్చును. పాత తీర్మానాలు డార్ట్‌మత్‌లోని పురపాలక పత్రాగారంలో ఉన్నాయి. ఆఫ్రిక్‌విల్ తరలింపు కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి, అడిగినవారికి చూపుతారు.