కంటి నరానికి రక్తప్రసారంపై దశాబ్దాల పరిశోధన

నీటికాసుల వ్యాధికి (గ్లకోమా) కంటిలో ఒత్తిడి పెరగడమే కారణమని సాధారణంగా భావిస్తారు. అయితే ఒత్తిడి మామూలుగా ఉన్నప్పటికీ కొందరికి చూపు క్షీణిస్తుంది. కంటి నరానికి తగినంత రక్తం అందకపోవడమూ ఇందుకు కారణం కావచ్చని చాటిన శాస్త్రవేత్తల్లో ముఖ్యులు డాక్టర్ సోహన్ సింగ్ హేరే.

1927లో పంజాబ్‌లో జన్మించిన హేరే 1951లో వైద్య పట్టా పొందారు. 1961లో పరిశోధక ఉపకార వేతనంపై లండన్ వెళ్లి, ప్రఖ్యాత నేత్ర వైద్యుడు సర్ స్టీవార్ట్ డ్యూక్-ఎల్డర్ వద్ద కృషి చేశారు. అనంతరం ఎడిన్‌బరోలో పనిచేసి, 1973లో అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో చేరారు.

కంటి నరం మొదలుకు ప్రధానంగా రక్తం అందించేవి కంటి వెనుకనున్న పోస్టీరియర్ సిలియరీ ధమనులేనని ఆయన నిరూపించారు. వీటి అమరిక మనిషికీ మనిషికీ మారుతుందని గుర్తించారు.

1994లో వెలువరించిన అధ్యయనంలో 166 మంది రోగుల రక్తపోటును ఆయన బృందం 24 గంటల పాటు పరిశీలించింది. నిద్రలో రక్తపోటు బాగా పడిపోతే కంటి నరానికి హాని కలగవచ్చని, రాత్రివేళ వేసుకునే బీపీ మాత్రలు దీనిని అధికం చేయవచ్చని హేరే హెచ్చరించారు. దీనిపై నిపుణుల్లో చర్చ కొనసాగుతూనే ఉంది.

అలాగని మాత్రలను సొంతంగా మానడం ప్రమాదకరం. నీటికాసులు, బీపీ రెండూ ఉన్నవారు తాము ఏ మాత్ర ఏ వేళ వాడుతున్నదీ కంటి వైద్యునికి, బీపీ చూసే వైద్యునికి తప్పక తెలపాలి. హేరే 2022లో కన్నుమూశారు.