కువైట్ నుంచి బంగారం తెస్తున్నారా? కస్టమ్స్ దగ్గర చిక్కుకోకుండా బయటికి రావాలంటే ఇవి తెలుసుకోండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి పని కోసం కువైట్, సౌదీ, ఖతార్ వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో కూతురి పెళ్లికనో, ఇంటికనో కాస్త బంగారం కొనుక్కుని వస్తుంటారు. రూల్స్ తెలియకపోతే ఆ కష్టార్జితం కాస్తా ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతుంది. మరి ఎంత తేవచ్చు? ఎక్కడ చెప్పాలి?

చెకింగ్ ఎక్కడ?
కడప ఎయిర్‌పోర్టులో దేశీయ విమానాలే నడుస్తాయి. అందుకే మనవాళ్లకు కస్టమ్స్ తనిఖీ చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్ల, విమానం దిగగానే ఉంటుంది. లగేజీ తీసుకున్నాక రెండు దారులు కనిపిస్తాయి. పరిమితికి మించి ఏమీ లేకపోతే గ్రీన్ ఛానల్. డ్యూటీ కట్టాల్సినవి ఉంటే రెడ్ ఛానల్. అనుమానం ఉన్నా రెడ్ ఛానల్‌కే వెళ్లడం మంచిది. ప్రయాణానికి ముందే ‘అతిథి’ యాప్‌లోనూ వివరాలు ఇవ్వొచ్చు.

డ్యూటీ లేకుండా ఎంత?
ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మహిళలు 40 గ్రాములు, మగవాళ్లు 20 గ్రాముల వరకు నగలు తేవచ్చు. పాత 2016 నిబంధనల్లో వీటికి లక్ష, 50 వేల రూపాయల విలువ పరిమితి కూడా ఉండేది. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో దాన్ని తీసేశారు, ఇప్పుడు బరువే లెక్క. ఇది నగలకు మాత్రమే. బిస్కెట్లు, నాణేలు ఇందులోకి రావు. భార్య వాటా, భర్త వాటా కలిపి ఒకరే తెస్తామంటే కుదరదు.

అంతకు మించి ఉంటే?
కనీసం 6 నెలలు విదేశంలో ఉన్నవాళ్లు డ్యూటీ కట్టి కిలో వరకు బంగారం తెచ్చుకునే వీలుంది. ఆ డ్యూటీ విదేశీ కరెన్సీలో కట్టాలి. కాబట్టి చేతిలో ఉన్న దినార్లన్నీ దిగకముందే మార్చేసుకోవద్దు. 6 నెలలు నిండకపోతే డ్యూటీ చాలా ఎక్కువ పడుతుంది.

ఒంటిమీద నగలతో వెళ్తున్నారా?
ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడే కస్టమ్స్ వాళ్లకు నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అవి మీ పాత నగలేనని చెప్పడానికి అదే ఆధారం. కువైట్‌లో కొన్న వాటికి షాపు బిల్లు, పాస్‌పోర్టు చేతి బ్యాగులోనే ఉంచుకోండి.

‘ఈ పార్శిల్ కాస్త ఇచ్చేయన్నా’ అంటే..
అసలు ప్రమాదం ఇక్కడే. టికెట్ మేమే తీస్తాం, ఎయిర్‌పోర్టు బయట మావాళ్లు తీసుకుంటారు అంటూ ఆశ చూపేవాళ్లుంటారు. పట్టుబడితే కేసు తెచ్చినవాళ్ల మీదే. లోపల ఏముందో తెలియదన్నంత మాత్రాన బయటపడలేరు. 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు చేస్తారు, జరిమానా వేస్తారు. విలువను బట్టి అరెస్టు, జైలు కూడా తప్పవు. తెలిసినవాళ్లు ఇచ్చినా మీరే తెరిచి చూడనిది తేవద్దు.

డ్యూటీకి డబ్బు చాలకపోతే?
దాచిపెట్టే పని చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు డిక్లేర్ చేస్తే, ఆ వస్తువును కస్టమ్స్ దగ్గరే ఉంచి, మళ్లీ విదేశానికి వెళ్లేటప్పుడు తీసుకునేలా అనుమతి అడగొచ్చు. దాచి దొరికితే ఆ అవకాశం ఉండదు.

డ్యూటీ కట్టిన రసీదు మాత్రం పారేయకండి. రేపు ఆ బంగారాన్ని ప్రొద్దుటూరు అంగళ్లలో మార్చాలన్నా, బ్యాంకులో కుదువ పెట్టాలన్నా, ఎక్కడిదని ఎవరైనా అడిగితే చూపించేది ఆ కాగితమే. డ్యూటీ రేట్లు మారుతుంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసుకున్నాక ఒకసారి కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.