ఉప్పెన మిగిల్చిన మనోగాయము

తుపాను వెలిసిన మరునాడే లెక్కలు మొదలగును. మరణించినవా రెందరు, కూలిన ఇండ్లెన్ని, కొట్టుకొనిపోయిన పశువులెన్ని, ఉప్పునీట మునిగిన పొలము ఎన్ని ఎకరములు? ఇవి యన్నియు అధికారుల పట్టికలలోనికి ఎక్కును. కాని బ్రతికి బయటపడిన తల్లి కొన్నేండ్ల తరువాత కూడ గాలి గట్టిగా వీచినంతనే బిడ్డలను పట్టుకొని మిట్టకు పరుగెత్తుట ఏ పట్టికలోను కనబడదు. ఆ నష్టమును కూడ నష్టముగా ఎంచవలెననియు, దానిని మాన్పుట ఒక్క వైద్యునివలన కాదు, ఊరందరివలన కావలెననియు తెలిసికొనుటకు శాస్త్రమునకు సుమారు 80 సంవత్సరములు పట్టినది.

బంగాళాఖాతపు తీరవాసులకు ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నముపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఆ తరువాత 113 సంవత్సరములకు, 1977 నవంబరు 19వ తేదీన, అదే కృష్ణా డెల్టాలోని దివిసీమపైకి సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే సుమారు 10,000 ప్రాణములు పోయినవి. ఇతరుల అంచనాలు ఇంకను ఎక్కువ. సొర్లగొంది వంటి తీరగ్రామములలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయినవి. సముద్రమునకు పేద, ధనిక భేదము లేదందురు. నిజమే. కాని సముద్రపు టొడ్డున తాటాకు పాకలో ఉండవలసినవా రెవరో నిర్ణయించునది సముద్రము కాదు. ఎక్కుటకు మేడ యున్నవారు మేడ యెక్కిరి. లేనివారు చెట్టును పట్టుకొనిరి.

నాడు దేశము నలుమూలలనుండి బియ్యము, బట్టలు, మందులు, డబ్బు వచ్చినవి. పక్కా ఇండ్లు కట్టిరి. తుపాను రక్షణ భవనములు లేచినవి. కాని మనస్సునకు తగిలిన దెబ్బకు చికిత్స చేయు పథకము అప్పటికి దేశములోనే లేదు. జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లో గాని ఆరంభము కాలేదు. మానసిక వైద్యమనగా విశాఖపట్టణము, హైదరాబాదులలోని పిచ్చాసుపత్రులు మాత్రమే సామాన్యులకు తెలియును. దుఃఖముతో నిద్రపట్టని మనిషిని అచటికి తీసికొనిపోవు ఆలోచన ఎవరికి కలుగును?

దుఃఖమును పరిశీలించిన వైద్యుడు

దుఃఖమును శాస్త్రీయముగా పరిశీలించుటకు దారితీసినది ఒక అగ్నిప్రమాదము. 1942 నవంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టను నగరములో కోకోనట్ గ్రోవ్ అను విలాసశాల తగులబడి 492 మంది చనిపోయిరి. బ్రతికినవారిని, మృతుల బంధువులను ఎరిక్ లిండెమన్ అను మానసిక వైద్యుడు పరీక్షించెను. ఇతర విధముల ఆప్తులను కోల్పోయినవారిని కూడ చేర్చి, మొత్తము 101 మందిని చూచి 1944లో ఒక వ్యాసము ప్రకటించెను. గొంతు బిగుసుకొనుట, మాటిమాటికి నిట్టూర్పు, ఒంట్లో సత్తువ లేకుండుట, "నేనే కాపాడలేకపోతిని" అను పశ్చాత్తాపము, పరామర్శకు వచ్చినవారిపై అకారణమైన కోపము - ఇవి ఎంతోమందిలో ఒకే తీరుగ కనబడినవి. ఇది పిచ్చి కాదు, దుఃఖమునకు గల సహజరూపము. సాయము అందినచో చాలమంది కోలుకొందురని లిండెమన్ గమనించెను. ఆ సాయము మానసిక వైద్యుడే చేయనక్కరలేదు. మతగురువులు, సంఘసేవకులు కూడ చేయగలరని సూచించెను. నాటికి ఇది కొత్తమాట.

శరీరములో జరుగు ప్రక్రియ నేడు కొంత తెలిసినది. అపాయము ఎదురైనపుడు మెదడులోని అమిగ్డలా అను బాదంపప్పు ఆకారపు భాగము హెచ్చరిక చేయును. అధివృక్క గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిజాల్ అను స్రావములు వెలువడును. గుండె వేగముగ కొట్టుకొనును, కండరములు బిగుసుకొనును. అపాయము తొలగగానే ఈ ఏర్పాటు శాంతింపవలెను. అత్యంత భయంకరమైన అనుభవము తరువాత కొందరిలో అది శాంతింపదు. త్రాడును చూచి పామని బెదరినట్లు, మామూలు వాన చప్పుడునకే శరీరము ఉప్పెన వచ్చినంతగా ఉలికిపడును. పీడకలలు వచ్చును, జరిగినదానిని గుర్తుచేయు చోటికి పోబుద్ధి కాదు. ఈ స్థితికి 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ రోగనిర్ణయ గ్రంథములో ఒక పేరు పెట్టి స్థానము కల్పించిరి. కాని అందరికిని ఈ వ్యాధి రాదు. అధిక సంఖ్యాకులు కొన్ని నెలలలో తమంతట తామే తేరుకొందురు. ఎవరు తేరుకొందురు, ఎవరు తేరుకొనలేరు అను ప్రశ్నకు జవాబు మెదడులో మాత్రమే వెదకిన దొరకదు.

ఇరుగుపొరుగు పోయిన లోయ

ఆ జవాబులో ఒక భాగము అమెరికాలోని వెస్టు వర్జీనియాలో లభించినది. 1972 ఫిబ్రవరి 26వ తేదీన బఫెలో క్రీక్ అను లోయకు ఎగువన, బొగ్గుగని వ్యర్థములతో కట్టిన ఆనకట్ట తెగినది. 125 మంది మరణించిరి. సుమారు 4,000 మందికి నిలువ నీడ లేకపోయినది. అది దైవికముగ జరిగినదని గని యజమానులు వాదించిరి. ప్రభుత్వము బాధితులకు తాత్కాలిక నివాసములు ఇచ్చినది. కాని ముందు వచ్చినవానికి ముందు అను పద్ధతిని ఇచ్చుటచే పాత ఇరుగుపొరుగువారు చెల్లాచెదరైరి. కయి ఎరిక్సన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఆ లోయవాసులతో మాట్లాడి 1976లో తన పరిశీలనలను గ్రంథముగ వెలువరించెను. మనిషికి తగిలిన దెబ్బ వేరు, మనుష్యుల నడుమనున్న బంధమునకు తగిలిన దెబ్బ వేరు అని ఆయన నిరూపించెను. మొదటి గాయము మానుటకు ఆ బంధమే మందు. ఆ బంధమే తెగినపుడు గాయము మానదు.

ఆరువందలమందికి పైగా బాధితులు న్యాయస్థానమునకు ఎక్కగా, 1974లో 1 కోటి 35 లక్షల డాలర్లకు రాజీ కుదిరినది. ఆస్తికే గాక మనస్సునకు కలిగిన హానికి కూడ పరిహారము కోరిన వ్యాజ్యముగ అది ప్రసిద్ధి కెక్కినది.

భారతదేశములో ఈ విషయమునకు కన్ను తెరిపించినది తుపాను కాదు, విషవాయువు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో వేలమంది ప్రాణములు పోయినవి. కొన్ని వారముల తరువాత లక్నో, బెంగుళూరు నగరములనుండి వెళ్లిన మానసిక వైద్యులు, అచటి వైద్యశాలలకు వచ్చు బాధితులలో ఐదవ వంతుకు పైగా మనోవ్యథతో బాధపడుచున్నట్లు కనుగొనిరి. ఇంతమందికి సరిపడు నిపుణులు ఎచటను లేరు. కావున 1985లో సాధారణ వైద్యులకే శిక్షణ నిచ్చిరి. అదే సంవత్సరము తెలుగువారు కూడ గణనీయముగ నివసించు బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు, కార్యకర్తలకు మానసిక చికిత్స నేర్పు ప్రయత్నము ఆరంభమైనది. తరువాత దేశమంతట వ్యాపించిన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు అదే నమూనా.

ఊరివారే వైద్యులు

1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశాపై విరుచుకుపడిన మహా తుపానులో సుమారు 10,000 మంది మరణించిరి. 14 నెలల తరువాత 108 మంది కౌమార వయస్కులను పరీక్షింపగా నూటికి సుమారు 27 మందిలో ఆ భయవ్యాధి కనబడినది. కాని దివిసీమ నాటికిని, ఇప్పటికిని భేద మొకటి కలదు. ఈసారి గ్రామములలోనే యువతీయువకులకు శిక్షణ నిచ్చి "స్నేహకర్ములు"గా నియమించిరి. వారు ఇంటింటికి పోయి మాటలాడిరి. ఒంటరివారైన స్త్రీలను, అనాథలైన పిల్లలను ఒకచోట చేర్చిరి. పిల్లలను దూరపు అనాథాశ్రమములకు పంపక, తమ ఊరిలోనే, తమ భాషలోనే పెరుగునట్లు చూచుట ఆ ప్రయత్నములోని ముఖ్యాంశము. బఫెలో క్రీక్ నేర్పిన పాఠము ఇదియే గదా!

2004 డిసెంబరు 26వ తేదీ సునామీ తరువాత ఈ పద్ధతి తమిళనాడు తీరములో కూడ విస్తృతముగ అమలయినది. 2007లో అంతర్జాతీయ సహాయసంస్థలు కలసి మార్గదర్శక సూత్రములు రూపొందించినవి. వాటిని నాలుగంతస్తుల గోపురముగ ఊహింపవచ్చును. విశాలమైన అడుగు అంతస్తు తిండి, నీరు, భద్రత. దానిపైన కుటుంబము, ఊరు. ఆపైన శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తల సాయము. శిఖరమున కొద్దిమందికి మాత్రము నిపుణుల చికిత్స. బాధితుని ఒక్కసారి కూర్చుండబెట్టి జరిగినదంతయు చెప్పించు పాత పద్ధతివలన మేలు కలుగదని కూడ ఈలోగా పరిశోధనలు తేల్చినవి. మాట్లాడించుట వేరు, మాట్లాడుటకు మనిషి తోడుండుట వేరు.

సామాన్యుల సాయము నిజముగ పనిచేయునా అను సందేహమునకు ఆఫ్రికానుండి సమాధానము వచ్చినది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు తర్ఫీదు నిచ్చెను. ఆరోగ్యకేంద్రపు ఆవరణలో ఒక కొయ్యబల్ల. దానిపై అవ్వ, ప్రక్కన బాధితుడు. వారి షోనా భాషలో ఈ బాధ పేరు "కుఫుంగిసిసా", అనగా అతిగా ఆలోచించుట. 573 మందిపై జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలో, బల్లపై కూర్చున్నవారికి మామూలు చికిత్స పొందినవారికంటె వ్యథ చాల తగ్గినట్లు తేలినది.

లెక్క ఎవరు చెల్లింపవలెను?

ఇంతవరకు ఇది వైద్యపు కథ. దీనికి ఇప్పుడు న్యాయపు ప్రశ్న తోడైనది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. భూమి వేడెక్కిన కొలది తుపానులలో మిక్కిలి తీవ్రమైనవాటి పాలు పెరుగునని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ వేడికి కారణమైన వాయువులలో మూడవ వంతుకు పైగా ప్రపంచములోని అత్యంత ధనిక కుటుంబములలో నూటికి 10 వంతులవే. దిగువ సగము జనులవి నూటికి 15 వంతులకు మించవు. దెబ్బ మాత్రము ముందుగా తగులునది ఆ దిగువ సగమునకే. ఈ అసమానతను సరిదిద్దవలెనను కోరికకే వాతావరణ న్యాయమని పేరు.

1991లోనే వనువాటు అను చిన్న ద్వీపదేశము, సముద్రము పెరుగుటవలన నష్టపోవు దేశములకు ధనిక దేశములు నిధి సమకూర్పవలెనని ప్రతిపాదించినది. అట్టి నిధికి అంగీకారము 2022లో ఈజిప్టు సమావేశమున గాని కుదరలేదు. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానము, వాతావరణమును కాపాడుట దేశముల విధి యనియు, ఆ విధిని ఉల్లంఘించినచో పరిహార బాధ్యత కలుగవచ్చుననియు అభిప్రాయము తెల్పినది. కాని పరిహారపు మాట వచ్చినపుడు మనస్సు ఇంకను వెనుకబడియే యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 95 దేశములను విచారింపగా, తమ వాతావరణ ఆరోగ్య ప్రణాళికలలో మానసిక సహాయమునకు చోటిచ్చినవి 9 మాత్రమే.

ఈ కొరత తెలుగుతీరమునకు దూరపు సంగతి కాదు. 1990 మే నెల తుపానునకు ముందు 6 లక్షలకు పైగా జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయి లోపున నిలిచినది; దివిసీమతో పోల్చిన ఇది గొప్ప విజయము. కాని ప్రాణనష్టము తగ్గిన కొలది, అంతయు పోగొట్టుకొని బ్రతికియున్నవారి సంఖ్య పెరుగును. కాకినాడ వద్ద ఉప్పాడ తీరములో సముద్రము ఏటేట కొంచెము కొంచెముగ ఊరిని కోసివేయుచున్నది. అచట మృతులు లేరు, ఉప్పెన తేదీ లేదు. తాతలు కట్టిన ఇల్లు నీటిలోనికి జారుచున్న దిగులు మాత్రము కలదు. ఇంటనే ఉండి ఇల్లు కోల్పోవు ఇట్టి బాధకు ఆస్ట్రేలియా తత్త్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ 2003లో "సొలస్టాల్జియా" అని పేరు పెట్టెను.

చేయదగిన పనులు స్పష్టముగనే యున్నవి. తరలించునపుడు ఒక వీధివారిని ఒకచోటనే ఉంచుట, కొత్త కాలనీలలో పాత ఇరుగుపొరుగును చెదరగొట్టకుండుట అధిక వ్యయము లేని పనులు. ఆశా కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు మనోవ్యథ లక్షణములు గుర్తించు శిక్షణ తుపాను కాలమునకు ముందే ఇయ్యవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులో కూడ ఉచితముగ సలహా నిచ్చుచున్నది. వీటన్నిటికి మూలమైనది ఒక్క నిర్ణయము. తుపాను మరునాటి పట్టికలో ఇండ్లు, పశువులు, ఎకరముల సరసన ఇంకొక గడి గీయవలెను. ఆ గడి నిండినపుడు గాని, దానికి చికిత్స ఎంత కావలెనో, ఆ ఖర్చు ఎవరిని అడుగవలెనో తేలదు.