బస్తా, పెట్టె, వీపు: వరంగల్ సరుకు రవాణాలో శ్రమ చరిత్ర

వరంగల్ చరిత్ర రాసినవాళ్ళు కోట గురించి రాశారు. తోరణం గురించి, రైలు గురించి, మిల్లు గురించి, మార్కెట్ గురించి రాశారు. అయితే సరుకు బండి మీంచి వ్యాగన్‌లోకి, వ్యాగన్‌లోంచి గోదాంలోకి ఎట్లా పోయిందో రాయలేదు. కాళ్ళొచ్చి దానంతటదే నడిచిపోయినట్టు వదిలేశారు. ఉత్పత్తి గురించి మాట్లాడే మార్క్సిస్టు చరిత్రకారులు కూడా రైతు దగ్గరా మిల్లు కార్మికుని దగ్గరా ఆగిపోయారు గానీ, ఈ రెంటి మధ్య మోసినోడి దగ్గరికి రాలేదు.

మోసినోడు కాగితం మీద ఆనవాలు వదలలేదు, నిజమే. కానీ అతను మోసిన వస్తువు రూపం ఉంది, దాని బరువు ఉంది, దాన్ని పేర్చిన తీరు ఉంది. సరుకు నింపే సాధనాన్ని ఎవరి శరీరాన్ని చూసి, ఎవరి లాభం కోసం తయారు చేశారన్నది చదవగలిగితే అది కూడా చరిత్రకు ఆధారమే. బస్తా ఒక పత్రం. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తే ఇనుప పెట్టె ఇంకో పత్రం. ఈ వ్యాసం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం.

వెట్టి మూట నుంచి పల్లా బస్తా దాకా

నిజాం కాలపు తెలంగాణలో మోయడం కులానికి అంటగట్టిన పని. గ్రామానికి అధికారి వచ్చినా దొర ప్రయాణం కట్టినా సామాను తర్వాతి ఊరి దాకా మోసేది మాదిగ, మాల వాడల మనుషులే. దానికి కూలి లేదు. ఎంత బరువు అన్న ప్రశ్నే లేదు. వెట్టిలో బరువుకు హద్దు లేకపోవడానికి కారణం సులువుగానే తెలుస్తుంది: ఖర్చు లేని వీపుకు కొలత ఎవరు పెడతారు?

1886లో నిజాం రైలు వరంగల్ దాకా వచ్చింది. 1889 కల్లా బెజవాడ చేరింది. మూట మోసే మనిషి రైలు స్టేషన్ దగ్గర హమాలీ అయ్యాడు. ఆ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. వెట్టికీ హమాలీకీ తేడా ఉంది. ఇక్కడ ఎంతో కొంత కూలి ఉంది, ముఠా ఉంది, బేరమాడే నోరుంది. కానీ బరువు సంగతి మాత్రం పెద్దగా మారలేదు. తెలంగాణలో ధాన్యం లెక్క పల్లాల్లో ఉండేది. పల్లా అంటే 120 సేర్లు, నూరు కిలోల పైమాటే. వ్యాపారి లెక్కకు గుండు అంకె కుదిరింది. వీపుకు కుదిరిందా లేదా అన్నది ఎవరూ అడగలేదు.

1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది, 2002లో మూతపడింది. అట్లాంటి మిల్లుల్లోకి దూది వచ్చేది బేళ్ళ రూపంలో. మెట్రిక్ కొలతలకు ముందు బేలు 392 పౌండ్లు, అంటే దాదాపు 178 కిలోలు. ఇప్పుడది 170 కిలోలు. ఈ అంకెను నిర్ణయించింది దూదిని అదిమే ప్రెస్సు, ఓడలో వ్యాగన్‌లో స్థలం. బేలును ఒక్క మనిషి ఎత్తలేడు. కొక్కాలు వేసి దొర్లించాలి, లేదా రెండు చక్రాల బండి మీదికి వంచాలి. అంటే యంత్రం కట్టిన మూట మనిషి చేతికి పనిముట్టును తప్పనిసరి చేసింది. బస్తాకు ఆ యోగం పట్టలేదు. ఎందుకంటే బస్తాను మనిషి ఎత్తగలడు. ఎత్తగలడు గనుక ఎత్తించారు.

గోదాంలో ధాన్యానికి దక్కిన రక్షణ

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. ప్రభుత్వమే పెద్ద ధాన్యం వ్యాపారి అయింది. ఒకప్పుడు దాని గోనె బస్తా 95 కిలోలు తూగేది. తర్వాత 50 కిలోల బస్తా వాడుకలోకి వచ్చింది. ఈ తగ్గింపు వెనక అంతర్జాతీయ చరిత్ర ఒకటుంది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మనిషి మోసే గరిష్ఠ బరువు మీద 127వ ఒప్పందం చేసింది. దాంతోపాటు వచ్చిన 128వ సిఫారసు, వయోజన మగ కార్మికునికి 55 కిలోలు దాటించొద్దని చెప్పింది. మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది 2010లో. మధ్యలో 43 ఏళ్ళు. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయమయ్యేంత బరువు మోయించొద్దంది గానీ, అది ఫ్యాక్టరీ గోడ లోపలి మాట. మార్కెట్ యార్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు.

గోదాంలో బస్తాలను నేల మీద నేరుగా పెట్టరు. కింద కొయ్య క్రేట్లు పరుస్తారు. చెమ్మ తగలొద్దు, గాలి ఆడాలి. వాటి మీద 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుతో నిట్టు కడతారు. నిట్టు మనిషి ఎత్తుకు రెండు మూడింతలు లేస్తుంది. హమాలీ తల మీద బస్తాతో చెక్క మీంచి పైకెక్కుతాడు. ఆ కొయ్య క్రేటును చూడండి. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తే ప్యాలెట్‌కు అది దగ్గరి చుట్టం. కాళ్ళున్నాయి, కింద సందుంది, పైన పలకలున్నాయి. కానీ దాన్ని గింజ కోసం వేశారు, నడుము కోసం వేయలేదు. గింజకు చెమ్మ తగిలితే నష్టం ఖాతాలో కనపడుతుంది. నడుము పోతే ఏ ఖాతాలోనూ కనపడదు.

ఇంకో సంగతి. బస్తాకు మూలలుండవు. మెత్తటి వస్తువు. దాన్ని అంత ఎత్తుకు నిలబెట్టేది హమాలీ విద్య. ఒక వరుస అడ్డం, దాని మీద వరుస నిలువు, మూలలు ఒకదాన్నొకటి కరుచుకునేట్టు పేర్చాలి. ఇటుక గోడ కట్టే తాపీ మేస్త్రి లెక్కే ఇది. ప్యాలెట్ మీద సంచులు పేర్చే పద్ధతులని ఇంజనీరింగ్ పుస్తకాల్లో బొమ్మలతో చూపించేది కూడా ఇదే కట్టు. పుస్తకంలో ఉంటే డిజైన్ అన్నారు. హమాలీ చేతిలో ఉంటే మోటు పని అన్నారు.

పెట్టె ఎట్లా తయారైంది

ఫోర్క్‌లిఫ్ట్ 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం సరుకుతో ప్యాలెట్ల వాడకం విపరీతంగా పెరిగింది. దాని పనితీరు తెలిస్తే పెట్టె డిజైన్ ఎందుకంత జాగ్రత్తగా చేస్తారో అర్థమవుతుంది.

ఫోర్క్‌లిఫ్ట్ ఒక త్రాసు లాంటిది. ముందు చక్రాల ఇరుసు దాని ముల్లు. ముందర బరువు, వెనక ఇనుప దిమ్మ. దాని మీద 2000 కిలోలు అని రాసి ఉంటే, ఆ బరువు మధ్య బిందువు ఫోర్కు మడమ నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పటి మాట అది. ఇరుసు నుంచి మడమ దాకా ఇంకో 400 ఉందనుకుందాం. ఇప్పుడు 1200 మిల్లీమీటర్ల లోతున్న పెట్టెను ఎత్తితే దాని మధ్య 600 దగ్గర పడుతుంది. అదే బండి 1800 కిలోలే భద్రంగా ఎత్తగలదు. పెట్టె కొలత మారితే మనిషి ప్రాణానికి లెక్క మారుతుందన్నమాట.

అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టెలకు నియమాలొచ్చాయి. నాలుగు మూలల కాళ్ళు కింది పెట్టె అంచులో దిగి కూర్చోవాలి, జారొద్దు. ఫోర్కు దూరే సందు కిందా పైనా మూసి ఉంటే పెట్టె ఫోర్కు మీంచి ఒరగదు. కింది పెట్టె స్తంభాలు పైనున్న పెట్టెలన్నిటి బరువూ మోయాలి, గోడల మీద ఆ భారం పడొద్దు. అడుగు వెడల్పుతో పోలిస్తే ఎత్తు మరీ ఎక్కువైతే నిట్టు తూలుతుంది. గోడలు జాలీతో చేస్తే డ్రైవర్‌కు ముందు నడిచే మనిషి కనపడతాడు. ఎత్తు పెట్టె అడ్డమొస్తే బండిని వెనక్కి నడపాలి. ఒక పక్క గోడ సగం కిందికి దిగేట్టుంటే లోపలి సరుకు కోసం ఎవరూ పైకెక్కి దూకనక్కర లేదు. యార్డుల్లో ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోటే గింజలు ఊడ్చే ఆడోళ్ళు వంగి పని చేస్తుంటారు. జాలీ గోడ అవసరం వాళ్ళకు అందరికంటే ఎక్కువ.

పెట్టెకు పలక, మనిషికి లైసెన్సు

1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే ట్రక్కుల వ్యాపారి 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఇప్పటి ఓడ కంటైనర్ చరిత్ర అక్కణ్ణుంచి లెక్కిస్తారు. 1972లో భద్రమైన కంటైనర్ల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 1977లో అమలుకొచ్చింది. దాని ప్రకారం ప్రతి కంటైనర్ మీద ఒక లోహపు పలక ఉండాలి. ఆ పెట్టె మొత్తం ఎంత బరువు తూగొచ్చు, దాని మీద ఎంత బరువు పేర్చొచ్చు, ఎప్పుడు తయారైంది, ఇవన్నీ దాని మీద ఉంటాయి. గడువు ప్రకారం తనిఖీ చేయించాలి. దెబ్బ తిన్న పెట్టెను వాడకూడదు.

హమాలీ సంగతి చూద్దాం. 1966 మార్కెట్ల చట్టం కింద హమాలీ కూడా మార్కెట్ కమిటీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఆ కాగితం అతను యార్డులో పని చేయొచ్చని చెప్తుంది. అతని మీద ఎంత పెట్టొచ్చో చెప్పదు. ఏడాదికోసారి వెన్నుపూస తనిఖీ చేయించాలని చెప్పదు. ఇనుప పెట్టెకు ప్రపంచ దేశాలు కూర్చుని బరువు హద్దు రాశాయి, తనిఖీ తేదీ రాశాయి. మనిషికి నంబరు రాశారు.

యంత్రం ఎవరి పక్షం?

అయితే పెట్టె, ఫోర్క్‌లిఫ్ట్ వస్తే హమాలీకి విముక్తేనా? ఇక్కడ మనలో రెండు వాదనలున్నాయి. యంత్రం కూడు తీస్తుంది గనుక వద్దనేది ఒకటి. అది యూనియన్ల భయం, ఆ భయంలో నిజముంది. రెండోది అంబేడ్కర్ వాదన. 1945 నాటి గ్రంథంలో గాంధీవాదాన్ని విమర్శిస్తూ ఆయన యంత్రాన్ని సమర్థించాడు. యంత్రం లేకుండా సామాన్యునికి తీరిక లేదు, తీరిక లేనిది సంస్కృతి లేదు. యంత్రం వల్ల కలిగే కీడుకు మూలం యంత్రంలో లేదు, సమాజాన్ని నడిపే తీరులో ఉందన్నది ఆయన భావం. వెట్టి మూట మోసిన కులాల బిడ్డలకు ఈ మాట ఊరికే అర్థమవుతుంది. మోత గొప్పదని పాడే పాట మోయనోళ్ళదే.

కానీ అంబేడ్కర్ షరతును మర్చిపోవద్దు. సమాజాన్ని నడిపే తీరు మారాలన్నాడు. 1960లో అమెరికా పశ్చిమ తీరపు ఓడరేవు కార్మికులు యంత్రాలను ఒప్పుకుంటూ ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని కింద యజమానులు నిధి ఇచ్చారు, నమోదైన కార్మికులను తీసేయబోమని హామీ ఇచ్చారు, ముందుగా రిటైరయ్యేవాళ్ళకు డబ్బిచ్చారు. అంటే యంత్రం మిగిల్చిన దాంట్లో వాటా అడిగారు, తీసుకున్నారు.

మన దగ్గర మహారాష్ట్ర 1969లో మాథాడీ హమాలీల చట్టం చేసింది. దాని కింద బోర్డులు కార్మికులను నమోదు చేసుకున్నాయి, యజమానుల నుంచి లెవీ వసూలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేసింది. చట్టం పేరులో మన ముఠా ఉంది, మన జట్టు ఉంది. ఆ మాటలకు శాసనసభ గడప దాటే గౌరవం దొరికింది. యంత్రం వచ్చినప్పుడు ముఠాకు వాటా ఎంతన్న ప్రశ్నకు మాత్రం మన విధాన పత్రాల్లో చోటు దొరకలేదు. 2015లో ఆహార సంస్థ సంస్కరణల మీద శాంతకుమార్ కమిటీ ఇచ్చిన నివేదికే చూడండి. సైలోలు, యంత్రాలు కావాలంది. సంస్థలో కొందరు హమాలీలకు నెలకు నాలుగు లక్షల పైన ముడుతోందని ఎత్తిచూపింది. పత్రికలకు ఆ అంకె దొరికింది. ఆ కమిటీ లెక్కలోనే అట్లాంటివాళ్ళు కొన్ని వందల మందే. గుత్తేదారు కింద మోసే వేలమందికి ఏం ముడుతోందన్నది అంత పెద్ద వార్త కాలేదు.

డిజైన్ బల్ల దగ్గర ఎవరుండాలి

2017 అక్టోబర్‌లో వరంగల్ పక్కన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. అట్లాంటి పరిశ్రమల్లో సరుకు ప్యాలెట్ మీద, పెట్టెలో కదులుతుంది. కొద్ది మైళ్ళ దూరంలో ఎనుమాముల యార్డులో మిర్చి బస్తా, మక్క బస్తా ఇంకా మనిషి మీద కదులుతుంది. ఒక ఊళ్ళో రెండు కాలాలు. మొదటి కాలంలోకి రెండో కాలపు మనుషులు ఏ గేటు నుంచి పోవాలన్నదే అసలు ప్రశ్న. ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద ఎవరు కూర్చుంటారు? ఐ.టి.ఐ. సర్టిఫికెట్ అడిగితే, ముప్పై ఏళ్ళు నిట్టు కట్టిన దళితుడు, బీసీ, ముస్లిం గేటు బయటే మిగులుతాడు. నిట్టు ఎందుకు తూలుతుందో, బరువు ఎటు ఒరుగుతుందో అందరికంటే బాగా తెలిసింది అతనికే.

కాబట్టి కోరాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. యార్డుల్లో, గోదాముల్లో బస్తాను నేల మీంచి కాకుండా నడుము ఎత్తున్న ప్యాలెట్ మీంచి అందుకునే ఏర్పాటు ముందు రావాలి. దానికి చేత్తో లాగే ప్యాలెట్ బండి చాలు, కోట్లు అక్కర్లేదు. ఫోర్క్‌లిఫ్ట్ శిక్షణలో మొదటి హక్కు ముఠాలో ఉన్నవాళ్ళకు, వాళ్ళ ఆడపిల్లలకు, మగపిల్లలకు ఉండాలి. యంత్రం తగ్గించిన కూలి ఖర్చులో భాగం పింఛను నిధికి రావాలి. పెట్టెను డిజైన్ చేసేటప్పుడు ముఠా మేస్త్రిని పిలిచి అడగాలి, జీతమిచ్చి అడగాలి.

పరిశోధకులుగా మన పని కూడా ఒకటుంది. వరంగల్, కాజీపేట గూడ్స్ షెడ్లలో, ఎనుమాములలో పని చేసి ఇంటి పట్టున ఉన్న పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఏ ఏట ఎంత బస్తా మోశారు, ఎట్లా పేర్చారు, ఏ నిట్టు ఎట్లా కూలింది, ఎవరు పోయారు, ఎవరికి ఏమిచ్చారు అన్నది వాళ్ళ నోటనే ఉంది. దాన్ని రాసి పెట్టకపోతే రేపు పెట్టె చరిత్ర కూడా పెట్టె దానంతటదే నడిచినట్టే రాస్తారు.