బందరు రోడ్డుకు వచ్చిన బంగారు తరం

2002 నవంబరు 24. కార్తీక మాసం, పైగా ఆదివారం. మామూలుగా అయితే కృష్ణా తీరంలో ఆ రోజు వనభోజనాలది. ఉసిరి చెట్టు నీడ, పులిహోర గిన్నెలు, పెద్దల పేకాట, పిల్లల గోల. ఆ ఏడు మాత్రం బెజవాడకు అంతకన్నా పెద్ద పని పడింది. బందరు రోడ్డు మీద లబ్బీపేటలో ఉన్న ఇందిరాగాంధీ స్టేడియానికి భారత్, వెస్టిండీస్ జట్లు వచ్చాయి. ఏడు వన్డేల సిరీస్‌లో ఆరు అయిపోయాయి. చెరి మూడు గెలిచారు. తేలాల్సింది ఇక్కడే.

తేలింది మనకు వ్యతిరేకంగా. వెస్టిండీస్ 6 వికెట్లకు 315 చేసింది. మార్లన్ శామ్యూల్స్ అనే కుర్రాడు 75 బంతుల్లో 108 కొట్టి అజేయంగా నిలిచాడు. వన్డేల్లో అతనికి అదే మొదటి సెంచరీ. మన జట్టు 180కే ఆలౌటయింది. 135 పరుగుల తేడాతో మ్యాచ్ పోయింది, దాంతోపాటు సిరీస్ కూడా 4-3తో పోయింది. గాయం వల్ల సచిన్ ఆ సిరీస్‌కే రాలేదు. అనారోగ్యంతో అవతల లారా కూడా రాలేదు. పురుషుల వన్డే అంతర్జాతీయ మ్యాచ్ ఆ మైదానంలో అదొక్కటే. మళ్ళీ జరగలేదు.

గెలుపు ఫొటోలు లేని ఆ రోజు గురించి ఇంత కాలానికి రాయడం దేనికని ఎవరైనా అడగవచ్చు. నాకు ఆ రోజే ముఖ్యం. సౌరవ్ గంగూలీ చుట్టూ కూడిన ఆ జట్టును మన దేశ క్రికెట్‌కు బంగారు తరం అంటాం. ఆ తరం కృష్ణా డెల్టా గడప తొక్కింది ఆ ఒక్కసారే. ఆ జట్టు డెల్టా ఇళ్ళలోకి వచ్చిన దారి మాత్రం వేరే. అది స్టేడియం గేటు గుండా వచ్చిన దారి కాదు.

ఒకసారి 2000 సంవత్సరానికి వెళ్దాం. మ్యాచ్ ఫిక్సింగ్ బురద దేశమంతా చిమ్మింది. హైదరాబాదీల కళ్ళలో దేవుడిలా వెలిగిన అజహరుద్దీన్ మీద బోర్డు జీవితకాల నిషేధం వేసింది. మణికట్టుతో బంతిని లెగ్ సైడుకు తిప్పే ఆ ఆటను చూసి పెరిగినవాళ్ళకు అది ఇంట్లో మనిషి చేసిన ద్రోహంలా తగిలింది. ఆటంటేనే విరక్తి పుట్టిన కాలం. అలాంటప్పుడు పగ్గాలు గంగూలీ చేతికి వచ్చాయి. న్యూజిలాండ్ నుంచి జాన్ రైట్ కోచ్‌గా వచ్చాడు. సచిన్, ద్రవిడ్, కుంబ్లే, శ్రీనాథ్ అప్పటికే ఉన్నారు. సెహ్వాగ్, యువరాజ్, జహీర్, హర్భజన్, కైఫ్ ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆ వరసలో మన తెలుగువాడు ఒకడు. వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్.

లక్ష్మణ్ పుట్టి పెరిగింది హైదరాబాదులో. ఆడింది హైదరాబాద్ రంజీ జట్టుకు. కానీ తల్లిదండ్రులిద్దరూ విజయవాడలో పేరున్న డాక్టర్లు. అందుకే బెజవాడ అతన్ని హైదరాబాదుకు పూర్తిగా వదిలిపెట్టలేదు. ఇక్కడ చాలామందికి అతడు ‘మన డాక్టరు గారబ్బాయి’. ఈ మాటలో ఉన్న బరువు బయటివాళ్ళకు అంత తేలిగ్గా అందదు. విజయవాడ అంటే ఏ ఊరు? ఇంటర్ ఊరు. బైపీసీ, ఎంపీసీ, లాంగ్‌టర్మ్ కోచింగ్, తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్లో మోగే బెల్లు, గోడల నిండా ర్యాంకర్ల ఫొటోలు. పొలం కౌలుకిచ్చి, పిల్లల కోసం పల్లె నుంచి బెంజి సర్కిల్ చుట్టుపక్కలకు కాపురం మార్చిన తల్లిదండ్రులు డెల్టాలో కొల్లలు. డాక్టరు గారి కొడుకు డాక్టరు కావడం ఇక్కడ సూర్యుడు తూర్పున పొడిచినంత సహజం. ఆ కొడుకు పదిహేడేళ్ళ వయసులో మెడిసినా, క్రికెట్టా అన్న దగ్గర నిలబడ్డాడు. తల్లిదండ్రులు కాదనలేదు. కొన్నేళ్ళు గడువిచ్చారు, ఆటలో నిలదొక్కుకోకపోతే చదువుకు తిరిగి రావాలన్నారు. ఎంసెట్ ఊళ్ళో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఇంటర్ పిల్లలున్న ఏ ఇంటికైనా తెలుసు.

ఆ జట్టును డెల్టా ఇంతగా సొంతం చేసుకోవడానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. అందులో చాలామంది మన ఇంటి పిల్లల్లా ఉండేవారు. కుంబ్లే మెకానికల్ ఇంజనీరు. శ్రీనాథ్ మైసూరులో ఇంజనీరింగ్ చదివినవాడు. ద్రవిడ్ కామర్స్ పట్టభద్రుడు, అచ్చం క్లాసులో ముందు బెంచీ కుర్రాడు. లక్ష్మణ్ డాక్టర్ల బిడ్డ. ‘ఆటలాడితే చెడిపోతావురా’ అనే తండ్రి ముందు పిల్లవాడు పేర్లు పెట్టి చూపించగలిగిన జట్టు అది. గెలుపులు ఆ తరువాతి సంగతి.

ఇక ఆ గెలుపు. 2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. స్టీవ్ వా ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్ళు 445 చేస్తే మనవాళ్ళు 171కే కూలిపోయి ఫాలో ఆన్‌లో పడ్డారు. ఆ 171లో లక్ష్మణ్‌వి 59, ఆఖరి వికెట్ అతడిదే. పెవిలియన్‌కు వచ్చి ప్యాడ్లు విప్పబోతుంటే వద్దన్నారు. రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో నువ్వే దిగాలన్నారు. అంతవరకు ఆ స్థానం ద్రవిడ్‌ది, అతన్ని ఆరుకు దింపారు. మ్యాచ్‌కు ముందే లక్ష్మణ్‌కు నడుము పట్టేసింది, ఫిజియో ఆండ్రూ లీపస్ సరిచేస్తే గానీ బరిలోకి దిగలేని స్థితి. ద్రవిడ్‌కు జ్వరం.

మార్చి 14, బుధవారం. ఆట నాలుగో రోజు. ఇద్దరూ పొద్దున్నే క్రీజులోకి వచ్చారు. లక్ష్మణ్ 109, ద్రవిడ్ 7, స్కోరు 4 వికెట్లకు 254. ఇన్నింగ్స్ ఓటమి తప్పడానికే ఇంకా ఇరవై పరుగులు కావాలి. షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద బంతి వేసి లోపలికి తిప్పుతున్నాడు. మామూలు బ్యాట్స్‌మన్ ప్యాడ్ అడ్డుపెట్టి బతుకు జీవుడా అనుకునే బంతి అది. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకు నడిచాడు. ఆ బంతినే ఒకసారి తిప్పు వెంటే కవర్స్ మీదుగా కొట్టాడు. తరువాత అలాంటి బంతినే తిప్పుకు ఎదురెళ్ళి మణికట్టు మడిచి మిడ్ వికెట్‌కు పంపాడు. ఒకే చోట పడిన బంతికి మైదానంలో రెండు చివరలా బౌండరీ ఉందని తేలాక ఏ బౌలరైనా ఫీల్డర్లను ఎక్కడ పెట్టుకుంటాడు? ఉదయం పోయింది, మధ్యాహ్నం పోయింది, టీ అయింది. వికెట్ పడలేదు. సాయంత్రానికి 4 వికెట్లకు 589. ఒక్క రోజులో 335 పరుగులు, ఒక్క వికెట్ లేకుండా.

డెల్టాలో అది ఇంటర్ పరీక్షల కాలం. దూరదర్శన్‌లో మ్యాచ్ వస్తుంటే టీవీకి వైరు పీకేసిన ఇళ్ళు ఎన్నో. అయినా స్కోరు దాగలేదు. బీసెంట్ రోడ్డులో టీవీల కొట్ల ముందు గుంపులు, కిళ్ళీ బడ్డీలో రేడియో, పరీక్ష రాసి బయటకొచ్చిన పిల్లవాడు పేపరెలా ఉందో చెప్పకముందే అడిగే మొదటి ప్రశ్న ‘ఉన్నాడా?’ అని. ఉన్నాడు. మర్నాడు పొద్దున 281 దగ్గర ఔటయ్యేదాకా ఉన్నాడు. 452 బంతులు, 44 ఫోర్లు. సునీల్ గవాస్కర్ 236 పరుగుల భారత రికార్డు బద్దలైంది. ద్రవిడ్‌తో భాగస్వామ్యం 376. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 212 దగ్గర ముగిసింది. 171 పరుగుల గెలుపు. ఫాలో ఆన్ ఆడి టెస్టు గెలవడం టెస్టుల చరిత్రలో అప్పటికి అది మూడోసారి. హైదరాబాద్ స్పిన్నర్ వెంకటపతిరాజుకు అదే చివరి టెస్టు కావడం తెలుగు అభిమాని గుర్తుపెట్టుకోవాల్సిన విశేషం.

ఆ తరువాత ఆ తరం కథ దేశమంతటికీ తెలిసిందే. లార్డ్స్ బాల్కనీలో గంగూలీ చొక్కా, లీడ్స్‌లో ద్రవిడ్, సచిన్, గంగూలీల సెంచరీలు, ముల్తాన్‌లో సెహ్వాగ్ 309. వాటి వివరాలు మరో వ్యాసానికి వదిలేస్తాను. విజయవాడకు తిరిగి రావాలి.

ఎందుకంటే ఇక్కడ ముగిసిన 2002 వెస్టిండీస్ సిరీస్‌లో లక్ష్మణ్ బాగా ఆడాడు. నాగపూర్‌లో 99 దగ్గర ఔటయ్యాడు, సిరీస్ మొత్తం మీద 300 దాటాడు. నాలుగు నెలలు తిరగకముందే దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్. న్యూజిలాండ్ పర్యటనలో రాణించలేదని అతన్ని పక్కనపెట్టి దినేష్ మోంగియాను తీసుకెళ్ళారు. బెజవాడలో చిత్తుగా ఓడిన జట్టే అక్కడ వరసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఫైనల్ దాకా వెళ్ళింది. సచిన్ ఒక్కడే 673 పరుగులు చేశాడు. ఫైనల్లో పాంటింగ్ 140 కొట్టి కప్పు లాక్కెళ్ళాడు. లక్ష్మణ్ ఆ దెబ్బకు ఆటే మానేద్దామా అనుకున్నాడు. మానలేదు. 2003 డిసెంబరులో అడిలైడ్‌లో 148 కొట్టి ద్రవిడ్‌తో కలిసి 303 జోడించాడు, ఆ టెస్టు గెలిచాం. 2004 జనవరిలో సిడ్నీలో 178. అదే నెలలో ఆస్ట్రేలియా గడ్డ మీద మూడు వన్డే సెంచరీలు. అంత చేసినా ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతని కెరీర్ ముగిసింది. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు. కప్పుల లెక్కతో తరాల్ని కొలిచేవాళ్ళకు లక్ష్మణ్ ఎక్కడా కనబడడు. ఆ కొలతే తప్పు. 2010లో మొహాలీలో నడుము నొప్పితో వంగిపోతూ, రన్నర్‌ను పెట్టుకుని, పదకొండో నంబరు ప్రజ్ఞాన్ ఓఝాను అవతల నిలబెట్టి 73 పరుగులతో ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ గెలుపు తెచ్చాడే, దాన్ని ఏ అల్మారాలో పెట్టాలి?

బందరు రోడ్డుకు ఇంకో చివర మచిలీపట్నం ఉంది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత తొలి టెస్టు జట్టును నడిపించిన సి.కె.నాయుడు పూర్వీకులది ఆ ఊరే. ఆయన పుట్టింది నాగపూర్‌లో, స్థిరపడింది ఇండోర్‌లో. అయినా ఆంధ్ర జట్టు రంజీలో తొలిసారి దిగిన 1953-54లో యాభై ఎనిమిదేళ్ళ వయసులో దానికి సారథ్యం వహించారు. డెల్టాకు తన క్రికెటర్లు ఎప్పుడూ వేరే ఊళ్ళ నుంచే తిరిగి వచ్చారు.

స్టేడియం సంగతికి వస్తే, 2005లో విశాఖ కొత్త మైదానంలో ధోనీ 148 కొట్టాక అంతర్జాతీయ మ్యాచ్‌లు అటే వెళ్ళిపోయాయి. ఇందిరాగాంధీ స్టేడియం గణతంత్ర దినోత్సవ కవాతులకు వేదికయింది. 1997 మహిళల ప్రపంచకప్‌లో పాకిస్తాన్ మీద ఇంగ్లండ్ 2 వికెట్లకు 376 కొట్టింది ఇదే ఊళ్ళో అన్న సంగతి ఎంతమందికి గుర్తుందో. 2016 నవంబరులో విజయవాడ దగ్గరి మూలపాడు మైదానానికి భారత మహిళల జట్టు వచ్చి వన్డేల్లో వెస్టిండీస్‌ను 3-0తో ఓడించింది. విజయవాడ అమ్మాయి సబ్బినేని మేఘన ఆ ఏడాదే భారత జట్టులోకి వచ్చింది.

ఈ నేల మీద ఆ తరం వేసిన విత్తనం ఎక్కడ మొలిచిందంటే నేను గుంటూరు వైపు చూపిస్తాను. 2022లో వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచకప్ జరిగింది. భారత జట్టు వైస్ కెప్టెన్ గుంటూరు కుర్రాడు షేక్ రషీద్. కొవిడ్ బారినపడి కోలుకున్నాడు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించి 94 చేశాడు. ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 చేశాడు. మనమే గెలిచాం. ఆ పిల్లల వెంట కరీబియన్ దీవులకు వెళ్ళిన పెద్దమనిషి, అప్పటికి కొద్ది వారాల కిందటే జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్న వి.వి.ఎస్.లక్ష్మణ్.