కువైట్‌లో అనుబంధ వైద్య కోర్సులు

అనుబంధ వైద్య కోర్సులంటే వైద్యుడు, నర్సు కాక ఆసుపత్రిని నడిపే ల్యాబ్, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ సిబ్బందికి ఇచ్చే శిక్షణ. కువైట్‌లో ఈ చదువు ప్రధానంగా రెండు ప్రభుత్వ సంస్థల్లో సాగుతుంది. మొదటిది 1982 చట్టంతో ఏర్పడిన అనువర్తిత విద్యా శిక్షణ సంస్థ. ఆరోగ్య శాస్త్రాల కళాశాల, నర్సింగ్ కళాశాల దీని కిందివే. రెండోది 1966లో ఏర్పడిన కువైట్ విశ్వవిద్యాలయం; అందులోని అనుబంధ ఆరోగ్య శాస్త్రాల కళాశాల డిగ్రీలు ఇస్తుంది.

ఏ కోర్సైనా చేతి నైపుణ్యమే కీలకం. కొన్ని రక్తపరీక్షలకు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో నమూనా తీశాక, గడ్డకట్టకుండా ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే కణాలు చిట్లి నమూనా పాడవుతుంది. మొదటి వారాల్లో విద్యార్థుల కంగారంతా ఇక్కడే. రోగి వివరాలు సరిచూడటం మరో పాఠం: కువైట్ సివిల్ ఐడీలోని 12 అంకెల్లో పుట్టిన తేదీ కూడా ఇమిడి ఉంటుంది.

ప్రభుత్వ కళాశాలల సీట్లు ప్రధానంగా కువైటీలకే. కువైట్‌లో పనిచేసే తెలుగు టెక్నీషియన్లు, నర్సులు ఎక్కువగా ఇంటి దగ్గరే డీఎంఎల్‌టీ (ల్యాబ్ డిప్లొమా), జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వంటివి చదివి, పట్టాల తనిఖీ, అర్హత పరీక్ష దాటి విమానమెక్కినవారు. ఏజెంట్ల దోపిడీ పెరగడంతో 2015లో భారత ప్రభుత్వం కువైట్ సహా 18 దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థలకు పరిమితం చేసింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలు.