మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: కణ విభజన, కణ విభేదనం

కణం ఎప్పుడు రెండుగా చీలాలి? ఎప్పుడు చీలడం మాని కండరంగానో చర్మంగానో కుదురుకోవాలి? ఈ ఆరా చరిత్రలో ఒక తెలుగు పేరు ముందే కనిపిస్తుంది. 1970లో పోటు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ వేర్వేరు దశల్లో ఉన్న ‘హీలా’ అనే మానవ కణాలను జతకలిపిన ప్రయోగాలు ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటున్న కణంతో కలిపితే, ఇంకా ఆ పనికి పూనుకోని కేంద్రకమూ తొందరపడింది. విభజనలో ఉన్న కణంతో కలిపితే, సిద్ధం కాని కేంద్రకంలోని క్రోమోజోములు సైతం అకాలంగా ముడుచుకున్నాయి. కణాన్ని ముందుకు తోసే సంకేతం కణద్రవ్యం గుండా పాకుతుందని అలా తేలింది.

రావు వెతికింది మైక్రో ఆర్‌ఎన్‌ఏల కోసం కాదు. అప్పటికి వాటి ఊసే లేదు.

తోసేవి సరే, పగ్గం పట్టేవి? వాటిలో ఒకటి మిల్లీమీటరు పొడవుండే పురుగులో దొరికింది. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్‌లో లిన్-4 జన్యువు చెడితే, తొలి లార్వా దశలో జరగాల్సిన విభజనలే మళ్లీ మళ్లీ జరుగుతాయి. పురుగు పెరుగుతుంది గానీ కణాలకు వయసు రాదు. 1993లో విక్టర్ ఆంబ్రోస్ బృందం తేల్చిందేమంటే, ఈ జన్యువు ప్రొటీన్‌నే తయారుచేయదు. దాన్నుంచి వచ్చేది 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ తునక. అది లిన్-14 జన్యువు పంపే సందేశక ఆర్‌ఎన్‌ఏ చివరి భాగానికి అతుక్కుని, ఆ ప్రొటీన్ తయారీని అణచివేస్తుందని గ్యారీ రువ్‌కున్ బృందం ఫలితాలతో కలిపి చూస్తే స్పష్టమైంది.

ఏడేళ్లపాటు ఇదంతా పురుగు వింతగానే మిగిలింది. 2000లో ఇలాంటి రెండో ఆర్‌ఎన్‌ఏ, లెట్-7, బయటపడింది. అది లేకపోతే పెద్దయ్యాక ఆగాల్సిన చర్మకణాలు చీలుతూనే ఉంటాయి. పైగా అదే ఆర్‌ఎన్‌ఏ మనిషిలోనూ ఉందని ఆ ఏడే తెలిసింది. 2001లో ఇలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏలకు ‘మైక్రో ఆర్‌ఎన్‌ఏ’ అన్న పేరు స్థిరపడింది.

పగ్గం తెగితే ఏమవుతుందో రక్త క్యాన్సరు చూపింది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగుల్లో సగానికి పైగా మందిలో 13వ క్రోమోజోముపై ఉన్న మిర్-15, మిర్-16 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పోవడమో తగ్గడమో జరిగిందని 2002లో కార్లో క్రోచే బృందం ప్రకటించింది. మిర్-16 సైక్లిన్లనే ప్రొటీన్ల తయారీని తగ్గించి, డీఎన్‌ఏ రెట్టింపుకు ముందే కణాన్ని ఆపగలదని తరువాతి పరిశోధనలు చూపాయి. రావు ప్రయోగం చూపిన ‘తొందర’ వెనకున్న యంత్రాంగంలో సైక్లిన్లు కీలకం. కండరకణాల్లో మిర్-1 మరో తీరు: విభజనను తగ్గించి, కణం కండరంగా మారేందుకు తోడ్పడుతుంది.

ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది, తొలి పురుగు ప్రయోగం అచ్చయిన 31 ఏళ్లకు.